మోటారు తిరుగుతోందా లేదా: మా ఇంటి వైర్‌లెస్ కంట్రోలర్‌కి ఫోను యాప్ కలిపిన డైరీ

జూన్ 7, శనివారం

మా ఊరు ఇందుకూరుపేట మండలంలో, మైపాడు పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది. ఇంటి వెనక దొడ్లో, వంటింటి గడపకు అరవై అడుగుల దూరాన రేకుల షెడ్డు, అందులో ఒక హార్స్‌పవర్ మోటారు. సముద్రం దగ్గర కాబట్టి మాకు పైనీళ్లే తియ్యన, లోతుకు పోతే ఉప్పు. అందుకే తక్కువ లోతు బోరు, పైన పెట్టే మోటారు. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. అది నిండటానికి అరగంట పైనే పడుతుంది.

నాయన రాత్రిళ్లు రొయ్యల గుంటల దగ్గరే ఉంటాడు. నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంట్లో అమ్మ ఒక్కతే. మోకాళ్ల నొప్పి. చీకట్లో టార్చి పట్టుకుని షెడ్డు దాకా పోయి మోటారు వేసి, మళ్లీ అరగంటకు పోయి కట్టేసి రావాలి. మొన్న మేలో షెడ్డు గడప దగ్గర కట్లపామును చూసింది. ఆ సంగతి నాకు రెండు రోజుల తర్వాత, అదీ మాటల మధ్యలో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను నెల్లూరులో వేదాయపాళెంలో గది తీసుకుని ఉంటున్నాను. ఆఫీసులో యాప్‌లు రాయడమే పని. ఇంటికి కావలసింది ఇంతవరకూ రాయలేదు, ఈ నెల రాస్తాను.

బజార్లో రెడీమేడ్‌గా దొరికేవి ఉన్నాయి. రెండేళ్ల క్రితం ఒక వైఫై ప్లగ్ తెచ్చి వరండా లైటుకు పెట్టాను. ఫోన్లో నొక్కితే ఆ మాట ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరుకు పోయి, మళ్లీ మా ఇంటికి తిరిగి రావాలి. నెట్ పోయిన రోజున పక్క గదిలోని లైటు కూడా వెలిగేది కాదు. మోటారుకు అలాంటిది వద్దు. నాకు నేను రెండు షరతులు పెట్టుకున్నాను. నెట్ లేకపోయినా ఇంటి వైఫై ఉంటే యాప్ పని చేయాలి. ఫోనే లేకపోయినా షెడ్డులోని పాత స్విచ్ పని చేయాలి.

ఇవాళ ట్రంకు రోడ్డులో తిరిగి కొన్నవి: ఒక ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్), నాలుగు రిలేల మాడ్యూలు (రిలే అంటే బోర్డు చెబితే పడే చిన్న స్విచ్), 230 వోల్టుల నుంచి 5 వోల్టులు ఇచ్చే చిన్న పవర్ మాడ్యూలు, 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్ ఒకటి, అంటే కాయిల్‌కు కరెంటు ఇస్తే పడే పెద్ద స్విచ్. రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. దాన్ని నమ్మి మోటారును నేరుగా దానికి తగిలించకూడదు. మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు నడిచేటప్పటికి ఎన్నో రెట్లు ఉంటుంది, చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కుంటే ఇక ఆపడం ఉండదు. అందుకే రిలే కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే లాగుతుంది, మోటారు భారమంతా కాంటాక్టర్ మోస్తుంది.

జూన్ 8, ఆదివారం

మృగశిర వచ్చిందంటారు గానీ ఎండ తగ్గలేదు. గదిలో ఫ్యాను కింద బల్ల మీద పని. ఇవాళ 230 వోల్టుల జోలికి పోలేదు, రిలే టక్కుమంటే చాలు.

టక్కుమంది. కాకపోతే నేను చెప్పకముందే. బోర్డుకు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ, ప్రోగ్రాం మొదలయ్యే లోపల, ఒక రిలే ఒకసారి పడి లేస్తోంది. బల్ల మీద అది చిన్న చప్పుడు. షెడ్డులో అయితే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మోటారు ఒక్క కుదుపు కుదిపి ఆగుతుంది.

ఇలాంటి మాడ్యూళ్లలో చాలావాటికి రిలే పడాలంటే పిన్నును కిందికి, అంటే సున్నాకు తేవాలి. బోర్డు నిద్ర లేచేటప్పుడు కొన్ని పిన్నులు ఎటూ తేలకుండా ఊగుతాయి. పైగా ఈఎస్‌పీ32లో 0, 2, 12, 15 నంబర్ల పిన్నులు బోర్డు ఎలా లేవాలో నిర్ణయించేవి. 12వ పిన్ను లేచే సమయంలో పైకి ఉంటే ఫ్లాష్ మెమరీకి 3.3 వోల్టులకు బదులు 1.8 వోల్టులు పోతాయి, బోర్డు అసలు లేవదు. నేను మోటారు రిలేను 15కు పెట్టాను. దాన్ని 26కు మార్చి, 3.3 వోల్టుల వైపుకు 10 కిలోఓమ్ రెసిస్టర్ కట్టాను. ఆ తర్వాత ఇరవై సార్లు ప్లగ్ తీసి పెట్టి చూశాను, ఒక్కసారి కూడా దానంతట అది పడలేదు.

మాడ్యూలు మీద జేడీ-వీసీసీ అనే చిన్న జంపర్ ఉంది, అదీ తీసేశాను. రిలే కాయిళ్లకు 5 వోల్టులు వేరుగా, సిగ్నల్ వైపు 3.3 వోల్టులు వేరుగా ఇచ్చాను. ఆ జంపర్ అలాగే ఉంచేస్తే రెండు వైపుల కరెంటునూ విడిగా ఉంచే ఆప్టోకప్లర్ పెట్టినందుకు సగం ఫలితమే దక్కుతుంది.

జూన్ 12, గురువారం

యాప్‌లు తయారుచేసే సాధనం ఫ్లట్టర్‌లో యాప్ రాస్తున్నాను. మొదటి రూపం చాలా చిన్నది. ఒక బటన్, నొక్కితే బోర్డు చిరునామాకు హెచ్‌టీటీపీలో ఒక అభ్యర్థన. కేబుల్ పెట్టి ఫోన్లో నడిపితే రిలే వెంటనే పలికింది.

అదే యాప్‌ను రిలీజ్ ఏపీకేగా (ఫోన్లో వేసుకునే చివరి ఫైలుగా) చేసి అమ్మ ఫోన్లో వేయబోయే ముందు నా పాత ఫోన్లో వేసి చూశాను. కదల్లేదు. ఏ ఎర్రరూ లేదు, బోర్డు దాకా ఏమీ రావడం లేదు. రెండు గంటలు రూటరును అనుమానించాను. అసలు సంగతి యాప్‌కు కావలసిన అనుమతులు రాసే మ్యానిఫెస్టు ఫైలులో ఉంది. ఫ్లట్టర్ కొత్త ప్రాజెక్టు తయారుచేసేటప్పుడు ఇంటర్నెట్ అనుమతిని పరీక్షకు వాడే డీబగ్, ప్రొఫైల్ మ్యానిఫెస్టుల్లోనే పెడుతుంది, అసలు మ్యానిఫెస్టులో పెట్టదు. ఆ ఒక్క వరుస కలిపాక రిలీజ్ యాప్ కూడా నడిచింది. ఆఫీసులో ఈ వరుస ఎవరో ఎప్పుడో కలిపేసి ఉంటారు, అందుకే నాకు ఇంతకాలం ఎదురు కాలేదు.

జూన్ 15, ఆదివారం

వైఫై పేరు, పాస్‌వర్డు బోర్డుకు చెప్పే పని. కోడ్‌లో రాసేయవచ్చు, కానీ రేపు రూటరు మారితే షెడ్డులోంచి బోర్డు పీకి నెల్లూరుకు తేవాలి. కాబట్టి బోర్డుకు వైఫై దొరకకపోతే తనే ఒక హాట్‌స్పాట్ అవుతుంది. ఫోను దానికి కలిసి, 192.168.4.1 అనే చిరునామాకు వివరాలు పంపాలి.

ఆ హాట్‌స్పాట్‌కు నెట్ ఉండదు. ఆండ్రాయిడ్ ఫోను అది కనిపెట్టి, ‘ఇక్కడ నెట్ లేదు’ అనుకుని మొబైల్ డేటా వైపు పోతోంది. యాప్ పంపిన వివరాలు కూడా ఆ దారిలోనే పోయి ఎక్కడా చేరడం లేదు. సరైన మందు యాప్‌ను ఆ వైఫైకే కట్టిపడేయడం. ఆండ్రాయిడ్‌లో దానికి దారి ఉంది. రాస్తాను, కానీ ఇవాళ కాదు. ఈ పని రూటరు మారినప్పుడు నేనొక్కడినే చేస్తాను. ‘ముందు మొబైల్ డేటా ఆపు’ అని ఒక కాగితం మీద రాసి డబ్బా మూత లోపల అతికించాను. అమ్మ రోజూ వాడేదాని మీద పెట్టాల్సిన టైం దీని మీద పోకూడదు.

ఇంకొకటి. ఈఎస్‌పీ32కు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయే కనబడుతుంది. మా రూటరు 5 గిగాహెర్ట్జ్‌కూ దీనికీ ఒకే పేరు పెట్టుకుని ఉంది. రెండింటికీ వేరే పేర్లు పెట్టేశాను. ఏది ఎక్కడ కలిసిందో నాకు తెలియాలి.

జూన్ 18, బుధవారం

హెచ్‌టీటీపీ వదిలేశాను. యాప్ అడిగితేనే బోర్డు జవాబు చెబుతుంది, తనంతట తాను ఏమీ చెప్పలేదు. ఇద్దరి ఫోన్లకూ విషయం ఒకేసారి తెలియాలంటే మధ్యలో ఒకరు ఉండాలి. యంత్రాల మధ్య చిన్న సందేశాలు పంపే పద్ధతి ఎమ్‌క్యూటీటీకి మారాను. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు చమురు పైపులైన్ల మీద శాటిలైట్ లింకు ద్వారా నిఘా పెట్టడానికి దీన్ని తయారుచేశారు. లింకు సన్నగా ఉంటుంది, ఎప్పుడు తెగుతుందో తెలియదు. మా దొడ్లోని వైఫై కూడా అంతే.

మధ్యవర్తిగా పాత రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్) మీద మస్కిటో అనే బ్రోకర్ ప్రోగ్రాం వేశాను. బోర్డు నుంచి కనెక్షన్ నిరాకరణ. మస్కిటో 2.0 నుంచి, ఏమీ చెప్పకపోతే తన సొంత యంత్రం నుంచి వచ్చేవాళ్లనే రానిస్తుంది. 1883 పోర్టులో వినమని ఒక వరుస, పేరు లేనివాళ్లను రానివ్వొద్దని ఒక వరుస, పాస్‌వర్డుల ఫైలు ఎక్కడుందో ఒక వరుస రాశాను. అమ్మకు ఒక పేరు, నాయనకు ఒక పేరు, బోర్డుకు ఒక పేరు. ఇంట్లో వాడేదే కదా అని అందరికీ ఒకే పాస్‌వర్డు ఇవ్వబుద్ధి కాలేదు. ఫోను ఎక్కడో పోతే ఒక్క పేరు తీసేస్తే సరిపోవాలి.

జూన్ 22, ఆదివారం

నిన్న సాయంత్రం ఊరికి వచ్చాను. పొద్దున్నే మా కరెంటు మేస్త్రి వచ్చాడు. నేను పుట్టకముందు నుంచీ మా ఇంటి వైరింగ్ ఆయనదే. 230 వోల్టుల పనంతా ఆయన చేతనే చేయించాను. మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూసి, మళ్లీ చూసి, అప్పుడు చేయి పెట్టాడు.

పాత స్విచ్‌ను తీసేయకుండా కాంటాక్టర్‌కు పక్కగా ఉంచాం. చేత్తో వేసినా తిరుగుతుంది, యాప్‌తో వేసినా తిరుగుతుంది. నాయన గుంటల దగ్గర నుంచి వచ్చి చూసి, “స్విచ్చి ఉండాది కదా అబ్బయ్యా, ఇదంతా ఎందుకు?” అన్నాడు. పాము సంగతి గుర్తు చేశాను. ఇంకేం అనలేదు, కూర్చుని చూశాడు.

బోర్డును మేస్త్రి తెచ్చిన ఇనుప డబ్బాలో పెట్టాం. మూత తీసి ఉంటే సిగ్నల్ మైనస్ 78 డీబీఎమ్ (ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది), మూత వేస్తే అసలు లేదు. ఇనుప డబ్బాలోంచి వైఫై బయటికి రాదు, నేను ముందే ఆలోచించాల్సింది. కాంటాక్టర్‌ను ఇనుప డబ్బాలోనే ఉంచి, బోర్డును పక్కన ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాం. అయినా మైనస్ 80 దగ్గర ఊగుతోంది, మధ్యలో రెండు ఇటుక గోడలు. బయటి యాంటెన్నా తగిలించుకునే రకం ఈఎస్‌పీ32 ఒకటి అదృష్టవశాత్తు సంచిలో ఉంది. అది పెట్టి, యాంటెన్నాను రేకు కింది నుంచి బయటికి తీస్తే మైనస్ 69 వచ్చింది. ఈ దూరానికి ఇది బాగా సరిపోతుంది.

మధ్యాహ్నం అమ్మ వంటింట్లో కూర్చుని మోటారు వేసింది. కిటికీలోంచి చప్పుడు విని నా వైపు చూసింది. పులుసు పొయ్యి మీద ఉంది, లేవలేదు. ఇన్నాళ్ల పనికి నాకు అది చాలు అనిపించింది.

జూన్ 26, గురువారం

ఈ పేజీ రాయడం కష్టంగా ఉంది.

నిన్న సాయంత్రం ఊళ్లో ఈదురుగాలి. ఏడింటికి అమ్మ యాప్‌లో మోటారు వేసింది. పది నిమిషాలకు కరెంటు పోయింది. కరెంటు లేనప్పుడు మోటారు ఎలాగూ తిరగదు కాబట్టి అమ్మ ‘ఆఫ్’ నొక్కలేదు. ఎవరైనా అలాగే చేస్తారు. కరెంటు రాత్రి రెండున్నర దాటాక వచ్చింది. అమ్మ నిద్రలో ఉంది. మోటారు దానంతట అదే మొదలైంది. నాలుగింటికి నాయన ఇంటికి వచ్చేసరికి మేడ మీద నుంచి నీళ్లు గోడ వెంట కారుతున్నాయి.

పొద్దున్నే ఫోన్ చేసి అమ్మ చెప్పిన మాట వేరే. “నీళ్లు పోతే పోయినాయి నాయనా. కరెంటు లేనప్పుడు కూడా ఫోన్లో పచ్చగానే ఉండాది. తిరగతా ఉండాదో లేదో నాకెట్ట తెలుస్తాది?”

రెండు తప్పులూ నావే.

మొదటిది. నేను ఆజ్ఞను ‘రిటైన్’ గుర్తుతో పంపుతున్నాను. ఆ గుర్తు ఉంటే బ్రోకర్ చివరి మాటను దాచిపెట్టి, ఎవరు కొత్తగా వచ్చి కలిసినా వాళ్లకు ఇస్తుంది. రూటరూ, రాస్ప్‌బెర్రీ పై ఇన్వర్టర్ మీద ఉన్నాయి కాబట్టి అవి ఆగలేదు. షెడ్డులో బోర్డు మాత్రం ఆగి, రెండున్నరకు లేచి, బ్రోకర్‌కు కలిసింది. బ్రోకర్ ఏడింటి నాటి ‘ఆన్’ను దాని చేతిలో పెట్టింది. బోర్డు విధేయంగా మోటారు వేసింది.

నీళ్లు పోయినందుకు కాదు నా బాధ. మోటారులో నీళ్లు దిగిపోతే నాయన మూత విప్పి, నీళ్లు పోసి ఎత్తిస్తాడు. ఆ పని ఎక్కువగా కరెంటు లేనప్పుడే చేస్తాడు, అప్పుడైతే భయం లేదని. చేయి దాని మీద ఉన్నప్పుడు కరెంటు వచ్చి ఉంటే?

రెండోది. యాప్‌లో పచ్చ రంగు ‘మోటారు తిరుగుతోంది’ అని చెప్పడం లేదు, ‘అమ్మ నొక్కింది’ అని మాత్రమే చెబుతోంది. అమ్మ దాన్ని తిరుగుతోందనే చదువుకుంటుంది. వేరేగా ఎవరు చదువుకుంటారు? నొక్కింది వేరు, జరిగింది వేరు. నా యాప్ మొదటిదాన్ని రెండోదిగా చూపిస్తోంది, అంటే అబద్ధం చెబుతోంది. ఇంట్లోవాళ్లకు అబద్ధం చెప్పే వస్తువు కన్నా షెడ్డు దాకా నడవడమే నయం.

నాయనకు ఫోన్ చేసి, ఆదివారం దాకా బోర్డుకు పోయే వైరు ప్లగ్ తీసి పక్కన పెట్టమన్నాను.

జూన్ 29, ఆదివారం

నాలుగు మార్పులు చేశాను, మొదటిది తప్ప మిగతా మూడూ కంట్రోలర్ వైపే. యాప్‌లో పెట్టిన జాగ్రత్త ఫోను చార్జింగ్ అయిపోతే పోతుంది, కాపలా మోటారు పక్కనే ఉండాలి.

ఆజ్ఞలకు రిటైన్ తీసేశాను. స్థితికి మాత్రమే ఉంచాను, ఎందుకంటే అమ్మ యాప్ తెరవగానే ఇప్పుడు ఏం జరుగుతోందో వెంటనే కనబడాలి. బోర్డు కలిసేటప్పుడు పాత సెషన్ కొనసాగించవద్దని చెప్పాను. అలా చెప్పకపోతే, అది లేనప్పుడు పంపిన ఆజ్ఞలను బ్రోకర్ వరుసలో పెట్టి తర్వాత ఇచ్చే వీలుంది, మళ్లీ అదే కథ. బోర్డు ఎప్పుడు లేచినా మోటారు ఆగి ఉన్న స్థితిలోనే లేస్తుంది. యాప్‌తో వేస్తే ఎట్టి పరిస్థితిలోనూ 40 నిమిషాలు దాటి నడవదు.

దీనితోపాటు ‘వీలునామా’ కూడా పెట్టాను. ఎమ్‌క్యూటీటీలో దాని పేరే అది. బోర్డు కలిసేటప్పుడే ‘నేను హఠాత్తుగా పోతే అందరికీ ఈ మాట చెప్పు’ అని బ్రోకర్‌కు ఒక మాట అప్పగిస్తుంది. కీప్ అలైవ్, అంటే బోర్డు ‘ఉన్నాను’ అని చెప్పాల్సిన గడువు, 15 సెకన్లు పెట్టాను. దానికి ఒకటిన్నర రెట్ల సమయం బోర్డు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, అంటే దాదాపు 23 సెకన్లకు, బ్రోకర్ ఆ మాట బయటపెడుతుంది. యాప్‌లో బటన్ బూడిద రంగుకు తిరిగి, ‘షెడ్డు డబ్బా పలకడం లేదు’ అని చూపిస్తుంది.

మెయిన్ ఆపి, వేసి, పదిసార్లు చూశాం. నాయన పక్కనే నిలబడి లెక్కపెట్టాడు.

జూలై 6, ఆదివారం

ఇంతవరకూ చేసింది ‘బోర్డు బతికే ఉంది, రిలే పడింది’ అని చెప్పడమే. కాంటాక్టర్ కాయిల్ కాలిపోయినా, మోటారు వైరు ఊడిపోయినా యాప్‌కు తెలియదు. మోటారు తిరుగుతోందని చెప్పడానికి నాకు దొరికే ఆనవాలు దాని వైరులో పోయే కరెంటు.

ఎస్‌సీటీ-013 అనే, కరెంటు కొలిచే సీటీ కాయిల్ తెప్పించాను. 30 ఆంపియర్లు పోతే 1 వోల్టు ఇచ్చే రకం. వైరు కోయక్కర్లేదు, దాని చుట్టూ కరుచుకునేలా పెడితే చాలు. నేను కేబుల్ మొత్తం మీద కరిపించాను. మోటారు హోరున తిరుగుతోంది, రీడింగ్ సున్నా. మేస్త్రి చూసి, “రెండు వైర్లూ పట్టావు, ఫేజు ఒక్కదాన్నే పట్టు” అన్నాడు. పోయే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫేజు వైరు విడదీసి పెట్టగానే 5.8 ఆంపియర్లు చూపించింది. ఆయన క్లాంప్ మీటరులో 5.9.

కాయిల్ ఇచ్చేది ఏసీ కాబట్టి సగం సైకిల్ సున్నా కిందికి పోతుంది, బోర్డు దాన్ని చదవలేదు. రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లతో మధ్యలో 1.65 వోల్టుల మెట్టు కట్టి, దాని మీద ఊగేలా చేశాను. దాన్ని 34వ పిన్నుకు ఇచ్చాను. ఈఎస్‌పీ32లో రెండో ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి) చెందిన పిన్నులు వైఫై నడిచేటప్పుడు చదవడానికి పనికిరావు, 34 మొదటిదానికి చెందినది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. పది సైకిళ్ల పాటు చదివి ఆర్ఎమ్ఎస్, అంటే ఏసీకి వాడే ఒక రకం సగటు, తీస్తున్నాను. మోటారు ఆగి ఉన్నప్పుడు కూడా 0.1, 0.2 అంటూ గొణుగుతుంది కాబట్టి అర ఆంపియర్ లోపు దేన్నయినా సున్నాగానే తీసుకుంటున్నాను.

ఇప్పుడు బటన్ నొక్కగానే పచ్చ రాదు. ముందు పసుపు. వైరులో కరెంటు కనబడ్డాకే పచ్చ. ఐదు సెకన్లలో కనబడకపోతే బోర్డు తనే రిలే వదిలేస్తుంది, యాప్‌లో ఎర్ర అక్షరాలతో ‘మోటారు తిరగలేదు’. షెడ్డులో ఎవరైనా చేత్తో స్విచ్ వేస్తే, రిలే పడకుండానే కరెంటు కనబడుతుంది. అప్పుడు ‘చేత్తో వేసి ఉంది, ఇక్కడి నుంచి ఆగదు’ అని చూపిస్తుంది. ఇది నాకు బాగా నచ్చింది. చేతకానిదాన్ని చేతకాదని ముందే చెప్పేస్తోంది.

సాయంత్రం ఇంకో చిక్కు. మోటారు ఆపిన ప్రతి రెండు మూడు సార్లకు ఒకసారి ‘డబ్బా పలకడం లేదు’ అని వస్తోంది, కాసేపటికి సర్దుకుంటోంది. వీలునామా పెట్టకముందు కూడా ఇది జరుగుతూనే ఉండి ఉంటుంది, చూపేవాళ్లు లేరు. కాంటాక్టర్ కాయిల్ వదిలేటప్పుడు అందులోని శక్తి ఒక్కసారిగా వైరు మీదికి తన్నుతుంది, ఆ దెబ్బకు బోర్డు హ్యాంగ్ అయి మళ్లీ లేస్తోంది. కాయిల్‌కు అడ్డంగా 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసగా కలిపి కట్టాం. కెపాసిటర్ మీద ఎక్స్2 అని రాసి ఉన్నదే తేవాలి, మెయిన్స్ మీద వేరేది పెట్టకూడదు. తర్వాత ముప్పై సార్లు ఆపి చూశాం, బోర్డు కదలకుండా ఉంది.

జూలై 13, ఆదివారం

ఇవాళ వైర్ల పని లేదు, మాటల పని.

యాప్‌లో ‘ఆన్’, ‘ఆఫ్’ అని తెలుగు అక్షరాల్లో రాశాను. అమ్మ చదవగలదు. కానీ ఇంట్లో ఎవరమూ అలా అనం. “మోటారు వెయ్యి”, “మోటారు కట్టెయ్యి” అంటాం. బటన్ మీద అదే రాశాను. ‘కనెక్షన్ స్టేటస్’ అనే మాట తీసేశాను. అమ్మకు కావలసింది ఒక్కటే. “నీళ్లు ఎక్కుతా ఉండాయా లేదా, అది చెప్తే చాలు.”

ఆ మాట పట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నాను. మోటారు తిరగడం, నీళ్లు ఎక్కడం ఒకటి కావు. కింద పైపు కొసన నీళ్లను ఆపి ఉంచే ఫుట్ వాల్వ్ కారి నీళ్లు దిగిపోతే మోటారు వట్టిగా తిరుగుతుంది, కాసేపటికి సీల్ కాలిపోతుంది. అయితే వట్టిగా తిరిగే మోటారుకు మోసే బరువు ఉండదు, కరెంటు తక్కువ లాగుతుంది. నాయన చేత నీళ్లు దింపేయించి, కొద్ది సెకన్లు మాత్రం నడిపి చూశాం. నీళ్లతో 5.8, వట్టిగా 3.9. మధ్యలో 4.8 దగ్గర గీత గీశాను. మొదటి 20 సెకన్లు వదిలేసి, ఆ తర్వాత వరుసగా 15 సెకన్లు గీత కింద ఉంటే బోర్డు మోటారు కట్టేస్తుంది. వోల్టేజీ పడిపోయినప్పుడు ఈ అంకెలు కాస్త మారతాయి కాబట్టి రెండు వారాలు రోజూ రాసుకోమని నాయనకు నోటు పుస్తకం ఇచ్చాను.

పచ్చ బటన్ కింద ఇప్పుడు ‘నీళ్లు ఎక్కుతున్నాయి’ అని వస్తుంది.

జూలై 20, ఆదివారం

గుంటల దగ్గర నుంచి నాయన చూడాలి. అక్కడ ఇంటి వైఫై ఉండదు, మొబైల్ డేటా మీద రావాలి.

రూటరులో పోర్టు తెరిచి చూశాను, బయటి నుంచి రాదు. రూటరుకు వచ్చిన చిరునామా 100.64తో మొదలవుతోంది. అంటే మా ఇంటికి సొంత పబ్లిక్ చిరునామా లేదు, నెట్ ఇచ్చేవాళ్లు చాలా ఇళ్లను ఒకే చిరునామా వెనక పెట్టారు. ఎంత తెరిచినా లాభం లేదు. ఒకవిధంగా మంచిదే. 1883 పోర్టును అలా ఊరందరికీ తెరిచి పెట్టడం తప్పు, దానిలో పాస్‌వర్డు కూడా దాపరికం లేకుండా పోతుంది. వైర్‌గార్డ్ ఆధారంగా నడిచే టెయిల్‌స్కేల్ అనే ప్రైవేటు నెట్‌వర్క్ యాప్ వేశాను. నాయన ఫోనూ, రాస్ప్‌బెర్రీ పై ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. ఫోన్లో బ్యాటరీ పొదుపు దాన్ని వెనక నుంచి ఆపేస్తోంది, ఆ యాప్‌కు మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది.

ఇక నాయన ఫోనుకు ఎంత అధికారం ఇవ్వాలన్నది. ఆయన పేరుకు మోటారు స్థితి చూడటం, కట్టేయడం మాత్రమే ఇచ్చాను. వేయడం ఇవ్వలేదు. బ్రోకర్‌లోనే ఎవరు ఏ అంశానికి (సందేశాల శీర్షికకు) రాయవచ్చో పట్టిక పెట్టవచ్చు. అందుకని ‘వెయ్యి’, ‘కట్టెయ్యి’ని రెండు వేరే అంశాలుగా విడగొట్టాను. షెడ్డులో ఎవరున్నారో కనబడని చోటి నుంచి మోటారు తిప్పే హక్కు ఎవరికీ ఉండకూడదని నా నమ్మకం, నాకైనా సరే. నెల్లూరు నుంచి నా ఫోను కూడా అంతే. నాయనకు చెబితే, “ఆపడం ఉంటే చాలబ్బయ్యా, వేసేదానికి మీ అమ్మ ఉండాది” అన్నాడు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా ఊళ్లో కరెంటు, నెట్ రెండూ పోయి ఇంటికి ఫోన్ కూడా కలవలేదు. ఆ రోజుల్లో ఇదేమీ పని చేయదు. షెడ్డులో పాత స్విచ్, పక్కన టార్చి, గోడకు అదే మేకు. వాటిని కదిలించలేదు.

ఆగస్టు 3, ఆదివారం

రెండు వారాల నోటు పుస్తకం చూశాను. నీళ్లతో నడిచినప్పుడు కనిష్ఠం 5.3, గరిష్ఠం 6.1. వోల్టేజీ తక్కువున్న సాయంత్రాల్లో కూడా 4.8 గీతకు దగ్గరగా రాలేదు. గీత అక్కడే ఉంటుంది.

మంగళవారం రాత్రి ఎనిమిదింటికి అమ్మ ఫోన్ చేసింది. “వేశాను నాయనా, కాసేపు తిరిగి ఆగిపోయింది. నీళ్లు ఎక్కడం లేదు, మోటారు కట్టేశాను అని చూపిస్తా ఉండాది. మళ్లీ వెయ్యనా?” వద్దన్నాను. నా ఫోన్లో చూస్తే 36 సెకన్లు నడిచింది, 3.8 ఆంపియర్లు. పొద్దున నాయన బోరు పైపు పైకి లాగి చూస్తే ఫుట్ వాల్వ్‌లో వేరు ముక్క ఇరుక్కుని మూత సరిగా పడడం లేదు. తీసి, కడిగి, నీళ్లు పోసి ఎత్తించాక 5.7. ఆ పని చేసేముందు ఆయన గోడ స్విచ్ ఆపి, బోర్డు ప్లగ్ కూడా పీకి జేబులో పెట్టుకున్నాడట. నేను చెప్పలేదు, ఆయనకే తోచింది. డబ్బా పక్కన మేకు కొట్టి, ‘మోటారు విప్పేముందు ప్లగ్ ఇక్కడ తగిలించాలి’ అని రాశాను.

మిగిలినవి: హాట్‌స్పాట్ సమయంలో యాప్‌ను వైఫైకే కట్టే పని. బోర్డులో ప్రోగ్రాం వైఫై మీదే మార్చుకునే ఏర్పాటు, ఒకసారి చేసి చూశాను, మధ్యలో తెగితే పాతదానికే తిరిగి వస్తోంది. ట్యాంకు నిండగానే ఆగడానికి ఫ్లోట్ స్విచ్. 40 నిమిషాల లెక్క ఉన్నా, ట్యాంకు సగం నిండి ఉన్నప్పుడు వేస్తే ఇంకా పొర్లుతూనే ఉంది. మేడ మీద నుంచి షెడ్డు దాకా రెండు తీగల వైరు, దానికి పైపు కొని తెచ్చి వరండాలో పెట్టాను. వచ్చే ఆదివారం మేస్త్రి వస్తానన్నాడు.